పెదవి మీద పొక్కు: చురుక్కుమన్నప్పుడే మందు మొదలుపెట్టాలి

నేను ఫార్మసిస్టుని. పెదవి మీద పొక్కుతో వచ్చేవాళ్లను గుమ్మంలో ఉండగానే గుర్తుపడతాను. కర్చీఫో, అరచెయ్యో మూతికి అడ్డం పెట్టుకుని వస్తారు. కౌంటర్ దగ్గర ఎవరూ లేనిదాకా ఆగి, గొంతు తగ్గించి, "దీనికేమైనా ఆయింట్‌మెంట్ ఉందా అండీ?" అంటారు. చెయ్యి తీసి చూపిస్తే పొక్కులు అప్పటికే చితికి, రసి కారి, పసుపుపచ్చగా పెచ్చు కట్టడం మొదలై ఉంటుంది. అంటే మందు బాగా పనిచేసే సమయం దాటి రెండు మూడు రోజులైందన్నమాట.

నాకూ ఏళ్లుగా ఇదే పొక్కు వస్తుంది. పై పెదవికి ఎడమవైపు, పెదవి రంగు ఆగి చర్మం మొదలయ్యే గీత మీద. అందుకే అడ్డం పెట్టుకున్న ఆ చెయ్యి చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. సిగ్గుపడాల్సిన జబ్బు కాదిది, సిగ్గుపడి ఆలస్యం చేస్తే మాత్రం నష్టపోయేది మనమే. పొక్కు కనిపించకముందు కొన్ని గంటలు చేతిలో ఉంటాయి. వాటిని పట్టుకోవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఆ కొన్ని గంటలు ఎలా ఉంటాయంటే

పెదవి మీద ఒక్కచోట, వేలికొనంత మేర, చురుక్కుమంటుంది. కొందరికి దురదగా ఉంటుంది, కొందరికి తిమ్మిరెక్కినట్టు, ఇంకొందరికి చీమ పాకినట్టు. అద్దంలో చూస్తే ఏమీ కనబడదు. నాకైతే నాలుక కొనతో తడిమితే తెలుస్తుంది: ఆ చోట చర్మం బిగిసినట్టుంటుంది, పక్కదానికన్నా కాస్త వెచ్చగా ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మనసు అటే పోతుంటుంది. పెదవులు ఎండి పగిలితే వచ్చే మంట పెదవంతా పరుచుకుంటుంది. ఇది అలా కాదు, ఒక్క చుక్క దగ్గరే ఉంటుంది, అదీ చాలావరకు పోయినసారి వచ్చిన చోటే లేదా దాని పక్కనే. ఒకసారి మూతి పేలినవాళ్లకు ఈ గుర్తు ఒక్కటి చాలు. పొక్కు కోసం ఎదురుచూడక్కర్లేదు.

సాధారణంగా ఒక రోజులోపే అక్కడ ఎర్రబడి, ఉబ్బి, నీటిబొట్ల లాంటి చిన్నచిన్న పొక్కులు గుంపుగా లేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో అవి చితికి కలిసిపోయి ఒకటే పుండవుతుంది. ఎక్కువ నొప్పి ఉండేదీ, ఎదుటివాళ్లకు ఎక్కువగా అంటుకునేదీ ఈ దశలోనే. తర్వాత పెచ్చు కడుతుంది. నవ్వినా, ఆవులించినా ఆ పెచ్చు చిట్లి రక్తం వస్తుంది, మళ్లీ కడుతుంది. మొత్తమ్మీద వారం నుంచి పది రోజుల్లో మానుతుంది, కొందరికి రెండు వారాలు పడుతుంది. గిల్లకుండా వదిలేస్తే సాధారణంగా మచ్చ మిగలదు.

మొదటిసారి వచ్చినవాళ్లు "రాత్రి ఏదో పురుగు పాకిందేమో" అంటారు. పురుగు కాదు, వేడి చేసిందీ కాదు. హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల వస్తుంది, ఎక్కువగా దాని మొదటి రకం వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో సుమారు 380 కోట్ల మందిలో, అంటే 64 శాతం మందిలో, ఈ వైరస్ ఉంది. చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లో పెద్దవాళ్ల ముద్దుల ద్వారానే వచ్చి ఉంటుంది. అందులో ఎందరికో జన్మలో ఒక్క పొక్కు కూడా లేవదు. పొక్కు లేచినా లేవకపోయినా వైరస్ నరం వెంట వెనక్కి వెళ్లి, ముఖానికి స్పర్శ తెలియజేసే పెద్ద నరం తాలూకు కణాల గుత్తిలో, పుర్రె లోపల దాక్కుంటుంది. అక్కడ ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటుంది. మళ్లీ లేచినప్పుడు అదే నరం వెంట దిగి వస్తుంది కాబట్టే పొక్కు అదే చోట లేస్తుంది. శుభ్రత తక్కువైనందువల్ల వచ్చేది కాదు. దయచేసి ఎవరినీ ఆ చూపు చూడకండి.

దాన్ని లేపేవి మనిషిని బట్టి మారతాయి: జ్వరం, జలుబు, ఎండ, నిద్రలేమి, మానసిక ఒత్తిడి, నెలసరి, పెదవికి దెబ్బ తగలడం, పంటి వైద్యంలో పెదవి సాగదీయడం. నాకు జ్వరం వస్తే చాలు, రెండో రోజుకు పెదవి చురుక్కుమంటుంది. మీకేది లేపుతుందో ఒక కన్నేసి ఉంచండి. అదే కారణం మళ్లీ ఎదురయ్యేసరికి ట్యూబు దగ్గర పెట్టుకోవచ్చు.

ఇది అదేనా, ఇంకోటా?

ఇక్కడ తడబడితే వాడే మందు మారిపోతుంది, అందుకని కాస్త ఆగి చూడండి.

ఎక్కువమంది నోటిపూతతో పొరబడతారు. నోటిపూత నోటి లోపల వస్తుంది, బుగ్గ లోపలివైపు, పెదవి లోపలి తడి పొర మీద, నాలుక పక్కన, అంటే మెత్తగా కదిలే చోట్ల. గుండ్రంగా, మధ్యలో తెల్లగానో పసుపుగానో ఉండి చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. దానికి ముందు నీటిపొక్కు ఉండదు, అది అంటుకోదు, వైరస్ మందు దానికి పనిచేయదు. పెదవి పొక్కు బయట, అంచు మీద, గుంపుగా వస్తుంది.

నోటి మూలలు రెండువైపులా చీలి, తెల్లగా నాని, నోరు తెరిస్తే మండుతుంటే అది వేరు. అక్కడ తరచుగా ఫంగస్ గానీ బ్యాక్టీరియా గానీ ఉంటుంది. కట్టుడు పళ్లు సరిగ్గా అమరకపోయినా, ఐరనో బి విటమిన్లో తగ్గినా వస్తుంది. మొటిమైతే ఒంటరిగా ఉంటుంది, మధ్యలో గట్టి తెల్ల మొన లేస్తుంది. పెదవి ఎర్రభాగం మీద వెంట్రుక కుదుళ్లు ఉండవు కాబట్టి సరిగ్గా పెదవి మీదే లేచింది సాధారణంగా మొటిమ కాదు. పిల్లల ముక్కు కింద, మూతి చుట్టూ తేనె రంగు పెచ్చులు కట్టి త్వరత్వరగా పాకుతుంటే అది బ్యాక్టీరియా పుండు, డాక్టరు యాంటీబయోటిక్ రాస్తారు.

ఇంకో రెండు మాటలు గట్టిగానే చెప్పాలి. నొప్పి లేని గట్టి పుండు పెదవి మీద వస్తే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, సిఫిలిస్ అలాగే మొదలవుతుంది. రెండు మూడు వారాలైనా మానని పుండు, ముఖ్యంగా పొగాకు అలవాటు ఉన్నవాళ్లలో, క్యాన్సర్ కాదని డాక్టరు చూసి చెప్పేదాకా నమ్మకూడదు.

మందు, దాన్ని రాసే పద్ధతి

ఎసైక్లోవిర్ అనే మందు వెనక ఉన్న శాస్త్రవేత్తల్లో ముఖ్యురాలు గెర్ట్రూడ్ ఎలియన్. ఆమెకు 1988లో జార్జ్ హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిపి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఈ మందు పనిచేసే తీరు తెలిస్తే తొందర ఎందుకో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. మామూలు కణంలోకి వెళ్లినప్పుడు ఎసైక్లోవిర్ దాదాపు నిద్రపోతున్నట్టే ఉంటుంది. వైరస్ చేరిన కణంలో మాత్రం, వైరస్ సొంతంగా తయారుచేసుకునే ఎంజైమే దాన్ని మేల్కొలుపుతుంది. మేల్కొన్న మందు, వైరస్ తన డీఎన్ఏకు నకళ్లు తీసుకుంటుంటే మధ్యలో దూరి ఆ గొలుసును తెంపేస్తుంది. కాబట్టి వైరస్ నకళ్లు తీసుకుంటున్నప్పుడే ఇది పనికొస్తుంది. పెచ్చు కట్టే సమయానికి ఆ పని చాలావరకు అయిపోయి ఉంటుంది, మిగిలేది చర్మం మానడమే. నరంలో దాక్కున్న వైరస్‌ను ఈ మందు ముట్టుకోలేదు. పూర్తిగా పోగొట్టే మందు ఇప్పటికైతే లేదు.

క్రీమైతే 5 శాతం ఎసైక్లోవిర్, రోజుకు ఐదుసార్లు, మెలకువగా ఉన్నంతసేపు నాలుగేసి గంటలకొకసారి, ఐదు రోజులు. పెన్‌సైక్లోవిర్ 1 శాతం క్రీము దొరికేచోట రెండు గంటలకొకసారి నాలుగు రోజులు రాస్తారు. డోకోసనాల్ 10 శాతం క్రీము రోజుకు ఐదుసార్లు. చురుక్కుమన్న వెంటనే మొదలుపెడితే వీటివల్ల అరరోజు నుంచి ఒక రోజు దాకా కలిసొస్తుంది. చిన్న లాభమే, కానీ మూతి పేలినప్పుడు ఒక రోజు తగ్గడం ఎంత పెద్ద సంగతో పడ్డవాళ్లకు తెలుసు.

నేను రాసుకునే పద్ధతి ఇది. చేతులు సబ్బుతో కడుక్కుంటాను. క్రీమును వేలితో కాకుండా దూదిపుల్ల మీదకి ఆవగింజంత తీసుకుంటాను, ట్యూబు మూతిని పెదవికి ఆనించను. చుట్టూ ఉన్న మంచి చర్మం నుంచి మొదలుపెట్టి చురుక్కుమనే చుక్క మీదకి వస్తాను. గట్టిగా రుద్దను, అద్దినట్టు పూస్తాను. పుల్ల పారేసి మళ్లీ చేతులు కడుక్కుంటాను. ఇంకోసారి కావాలంటే కొత్త పుల్ల తీయాలి, పుండుకు తగిలింది మళ్లీ ట్యూబు దగ్గరికి పోకూడదు. హ్యాండ్‌బ్యాగులో చిన్న జిప్ కవరులో ఒక ట్యూబు, నాలుగు దూదిపుల్లలు ఎప్పుడూ ఉంటాయి. ట్యూబు ఇంట్లో ఉండి చురుకు ఆఫీసులో మొదలైతే లాభం లేదు.

మాత్రలు క్రీముకన్నా నమ్మదగినవని నా అభిప్రాయం, ముఖ్యంగా పొక్కులు పెద్దవిగా, తరచుగా వచ్చేవాళ్లకు. వాలాసైక్లోవిర్ పెద్దవాళ్లకూ 12 ఏళ్లు దాటినవాళ్లకూ 2 గ్రాములు ఒకసారి, 12 గంటల తర్వాత ఇంకో 2 గ్రాములు, అంతటితో సరి. ఫామ్‌సైక్లోవిర్ అయితే పెద్దవాళ్లకు 1500 మిల్లీగ్రాములు ఒకే మోతాదు. ఎసైక్లోవిర్ మాత్రలైతే రోజుకు ఐదుసార్లు, ఐదు రోజులు. ఇవి డాక్టరు చీటీ మీద తీసుకోవాల్సినవి. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి, గర్భిణులు అడగకుండా వేసుకోకూడదు, వేసుకున్న రోజు నీళ్లు బాగా తాగాలి. చురుకు మొదలయ్యాక డాక్టరు కోసం తిరిగితే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకే తరచుగా వచ్చేవాళ్లు ఏమీ లేని రోజుల్లోనే డాక్టరును కలిసి, చీటీ రాయించుకుని, మాత్రలు ఇంట్లో పెట్టుకోవడం మంచిది.

ఆలస్యమైపోతే? అప్పుడు చేయాల్సింది నొప్పి తగ్గించడం, మానేదాకా కాపాడటం. చల్లటి నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డను కొన్ని నిమిషాలు అద్ది పట్టుకుంటే మంట తగ్గుతుంది. పారాసిటమాల్ గానీ, కడుపులో పుండ్లు లాంటి ఇబ్బందులు లేనివాళ్లయితే ఐబుప్రోఫెన్ గానీ వేసుకోవచ్చు. లిడోకైన్ జెల్ పూస్తే కాసేపు మొద్దుబారుతుంది. పెచ్చు కట్టాక పెట్రోలియం జెల్లీ పలుచగా దూదిపుల్లతో పూయండి, ఎండి చిట్లకుండా ఉంటుంది. పెచ్చును మాత్రం పీకొద్దు. పులుపు, ఉప్పు, కారం తగిలితే మండుతుంది, ఆ నాలుగు రోజులు చూసుకోండి. సన్నటి హైడ్రోకొల్లాయిడ్ పట్టీలు దొరికితే వాడొచ్చు, పుండు కప్పి ఉంటుంది, చెయ్యి దాని మీదకి పోదు. క్రీము మీద అవి అంటుకోవు కాబట్టి రెండింట్లో ఒకటే ఎంచుకోండి.

వాడకూడని వాటి గురించి మా కౌంటర్ దగ్గర రోజూ చెప్పేదే చెప్తాను. దురదకూ తామరకూ ఇంట్లో పడి ఉండే కలగలుపు ఆయింట్‌మెంట్ తీసి పూస్తారు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటాసాల్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. ఎరుపు ఒక పూట తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం ఒంటి కాపలాను బలహీనం చేసి వైరస్‌కు దారి వదులుతుంది. పూయకండి. యాంటీబయోటిక్ క్రీము వైరస్‌ను ఏమీ చేయదు. చీము పట్టి, చుట్టూ ఎరుపు పాకి, వేడిగా వాచినప్పుడే దాని అవసరం, అదీ డాక్టరు చూశాక. టూత్‌పేస్టు, స్పిరిట్, శానిటైజర్ పుండును ఇంకా కాలుస్తాయి. సూదితో పొక్కు పొడిస్తే ఆ రసితో వైరస్ వేలికీ, పక్క చర్మానికీ పాకుతుంది.

ఎదుటివాళ్లకు అంటకుండా

చురుక్కుమన్నప్పటి నుంచి పెచ్చు రాలి కొత్త చర్మం వచ్చేదాకా ముద్దులు వద్దు. తువ్వాలు, గ్లాసు, చెంచా, లిప్‌స్టిక్, రేజర్ వేరుగా ఉంచండి. పెదవికి నేరుగా రాసుకున్న లిప్‌బామ్ పుండు మానాక పారేయండి. నోటితో జరిపే సెక్స్ వల్ల ఇదే వైరస్ జననాంగాలకు చేరి అక్కడ పుండ్లు పుట్టిస్తుంది, ఆ రోజుల్లో అదీ మానాలి. పొక్కు లేనప్పుడు కూడా ఒక్కోసారి లాలాజలంలో వైరస్ ఉంటుంది, దాన్ని పూర్తిగా ఆపలేం. పుండు ఉన్నప్పుడు మాత్రం అది అంటుకునే అవకాశం బాగా ఎక్కువ.

పుట్టిన బిడ్డ విషయంలో నేను మొహమాటం లేకుండా మాట్లాడతాను. మొదటి నెలన్నరలో ఈ వైరస్ సోకితే బిడ్డ కాలేయానికో మెదడుకో చేరి ప్రాణం మీదకి రావచ్చు. పెదవి మీద పొక్కున్నవాళ్లు తాతయ్యైనా, అమ్మమ్మైనా, కన్నతల్లే అయినా బిడ్డను ముద్దుపెట్టుకోకూడదు. తల్లికే వస్తే పుండు కనపడకుండా మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వొచ్చు, రొమ్ము మీద పుండు లేనంతవరకు. బిడ్డ పాలు తాగక మగతగా ఉన్నా, జ్వరం వచ్చినా, ఒంటి మీద నీటిపొక్కు కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. నెలలు నిండుతున్న గర్భిణికి జీవితంలో మొదటిసారిగా హెర్పిస్ పుండ్లు వస్తే, పెదవి మీదైనా ఇంకెక్కడైనా, ప్రసూతి డాక్టరుకు చెప్పి తీరాలి.

ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదతో పగిలే జబ్బు, ఉన్న పిల్లలను కూడా దూరంగా ఉంచండి. చర్మం పగిలినచోట ఈ వైరస్ చేరితే ఒకే సైజులో గుంటలు గుంటలుగా పుండ్లు లేచి, జ్వరంతో వేగంగా పాకుతుంది. అదే రోజు డాక్టరు చూడాలి.

కన్ను ఇంకో జాగ్రత్త. పుండు తాకిన వేలితో కన్ను నలపొద్దు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ముందు చేతులు కడుక్కోవాలి, లెన్సును ఉమ్మితో తడపడం ఎప్పుడూ చేయకూడదు. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతున్నా, మసకగా కనిపిస్తున్నా అది నల్లగుడ్డు మీద హెర్పిస్ కావచ్చు. అప్పుడు సొంతంగా స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే చూపే దెబ్బతింటుంది. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చిన్నపిల్లలకు మొదటిసారి సోకినప్పుడు జబ్బు వేరేలా కనిపిస్తుంది. ఒకావిడ పాపను ఎత్తుకుని వచ్చి "పళ్లొస్తున్నాయి అక్కా, చొంగ ఆగట్లేదు, ఏదైనా జెల్ ఇవ్వు" అంది. పాప నోరు తెరిపించి చూస్తే చిగుళ్లు ఎర్రగా ఉబ్బి, ఒకచోట రక్తం కూడా వస్తోంది. నాలుక మీద చిన్న పుండ్లు, ఒళ్లు కాలిపోతోంది. పళ్లొచ్చేటప్పుడు అంత జ్వరం రాదు, చిగుళ్లలోంచి రక్తం రాదు. జెల్ ఇవ్వకుండా పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను. మొదటి మూడు రోజుల్లోపు ఎసైక్లోవిర్ సిరప్ మొదలుపెడితే బిడ్డ త్వరగా తేరుకుంటుంది. ఇందులో అసలు ప్రమాదం నొప్పికి నీళ్లు కూడా మింగకపోవడమే. మోతాదు చూసుకుని పారాసిటమాల్ ఇచ్చి, నొప్పి తగ్గిన ఆ అరగంటలో చల్లటి నీళ్లు గుక్కగుక్కగా పట్టండి. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మళ్లీ మళ్లీ వస్తుంటే

ఎండ లేపేదైతే 30 లేదా ఆపైన ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్‌బామ్ బయటికెళ్లే ముందు రాసుకుని, రెండు గంటలకోసారి మళ్లీ పూయండి. అంచున్న టోపీ పెట్టుకోండి. పెదవి పొక్కు ఉండగా పంటి డాక్టరు అపాయింట్‌మెంట్ ఉంటే ఫోన్ చేసి వాయిదా అడగండి, డ్రిల్లు నుంచి చిమ్మే నీటితో వైరస్ మీ ముఖమ్మీదకీ వాళ్ల కళ్లలోకీ పోవచ్చు. పంటి పనే మీకు పొక్కు లేపుతుందని తెలిస్తే ముందురోజు నుంచి మాత్ర వాడటం గురించి అడగొచ్చు.

ఏడాదికి ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ వచ్చేవాళ్లకు కొన్ని నెలల పాటు రోజూ చిన్న మోతాదు మాత్ర ఇచ్చే పద్ధతి ఉంది. వాలాసైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు ఒకసారి గానీ, ఎసైక్లోవిర్ 400 రెండుసార్లు గానీ రాస్తుంటారు. కీమోథెరపీ, అవయవ మార్పిడి, హెచ్‌ఐవీ లాంటివి ఉన్నవాళ్లు లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా మొదటి పొక్కుకే డాక్టరును కలవాలి. పొక్కుతో పాటు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, అయోమయంగా మాట్లాడటం ఉంటే అది అత్యవసరం.

తరచుగా వచ్చేవాళ్లు క్యాలెండర్‌లో మొదలైన తేదీ, ముందురోజు ఏం జరిగిందో ఒక్క మాట రాసిపెట్టుకోండి. పొక్కు నీటితో ఉన్నప్పుడే ఫోన్‌తో దగ్గరగా ఒక ఫోటో తీయండి. డాక్టరును కలిసే రోజుకు పొక్కు మాని ఉంటుంది. ఫోటో చూపిస్తే వాళ్లు ఊహించుకోనక్కర్లేకుండా అక్కడికక్కడే చెప్పగలుగుతారు.